బాకీ యాభై

గురువారం పొద్దున జుమ్మేరాత్ బజార్‌ల
వజాహత్ సాబ్ గోనెపట్టా పరుచుకునే చోటికి
నా టిక్కెట్ల పెట్టె పట్టుకుని పోయిన.
ఇరవై ఆరేండ్లు ఎడమచెయ్యి అరగదీసిన పెట్టె అది.
ఇప్పుడు దాంట్ల టిక్కెట్లు లేవు, చిల్లరుంది.

సంచిల ఏదన్న వింతగ కనబడితే
నా పర్సులకెల్లి అంతే పైసలు వేసి తీసి దాచుకున్నవి.
లెక్క లెక్కే. డిపోల ఏనాడూ తేడా రాలే,
ఒక్కరోజు తప్ప.

సాబ్ నాణేన్ని అంచులు పట్టి లేపుతడు,
ముఖం మీద వేలు పెట్టడు.
కంట్లె నలుసు తీసేటోడి లెక్క దగ్గరికి వంగుతడు.
మొదలు ఏడాది చూస్తడు,
తర్వాత ఏడాది కింద గుర్తు.
"చుక్కుంటే నోయిడా, డైమండుంటే బంబయి,
ఏం లేకుంటే కలకత్తా.
ఇగో ఇది నక్షత్రం. మన షహర్‌ల కొట్టింది.
మనదైతే మాత్రం ధర పెరగదమ్మా."

ఖడ్గమృగం పావలాలు ఒక దిక్కు తోసిండు.
"లక్షలకు లక్షలు కొట్టిండ్రు.
ఒకటి పోతే వెతికేటోడు లేడు."
అంచులు అలలున్న పది పైసలు ఇంకో దిక్కు.
"పాతదైతే చాలదు, తక్కువుండాలె.
తక్కువున్నా చాలదు, ఎవనికో దాని మీద పానం కొట్టుకోవాలె."
నాకు కొట్టుకుంటది సాబ్ అన్న.
"కొనేటోనికి" అన్నడు.

ఆఖరుకు ఆ ఆటాన చేతికొచ్చింది.
అచ్చు పక్కకు జరిగిపోయి
బొమ్మ సగం తెగింది,
మిగిలిన జాగల ఉత్త లోహం, నెలవంక లెక్క.
సాబ్ మాట ఆగింది.
అద్దం తీసి లుంగీకి తుడిచి మళ్ల పెట్టుకున్నడు.
"ఇదెక్కడిది?"

ఎక్కడిదేంది సాబ్, ఎనిమిది ఏ బండిది.
వానకాలం, ఫుట్‌బోర్డు దాక జనం.
కోఠిల ఎక్కిన నీలం చొక్కా పిలగానికి
యాభై పైసలు తిరిగియ్యాలె.
ఇదిస్తే అటుఇటు తిప్పి "చెల్లదు" అన్నడు.
సంచిల వేరేది లేదు.
టిక్కెటు వెనక యాభై అని రాసి
దాని చుట్టు సున్న చుట్టి ఇచ్చిన.
దిగేటప్పుడు తీసుకుంట అన్నడు.
మదీనా కాడ ఆ గుంపుల
ఎప్పుడు దిగిండో నేను చూడలే.
ఆ రాత్రి డిపోల లెక్క యాభై పైసలు ఎక్కువొచ్చింది.

"చెల్లదన్నడా!" సాబ్ నవ్విండు.
"చెల్లకనే బతికింది.
చెల్లింటే వెయ్యి చేతులు మారి అరిగిపోతుండె.
టంకసాలల తప్పు పుట్టినదాన్నే మేం కళ్లకద్దుకుంటం."

ఎండకు వంచిండు. నవ్వు పోయింది.
"కడిగినవా?"

కడిగిన.
నిన్న రాత్రి చింతపండు, గిన్నెలు తోమే పొడి, కొబ్బరి పీచు.
సాబ్ ముందర మురికిగ ఎట్ల పెట్టాలని
చుట్టాలింటికి పంపే పిల్లకు తల దువ్వినట్టు
ఒక్కొక్కటి మెరిసేదాక తోమిన.

అద్దం నా చేతికిచ్చిండు.
ఆ నెలవంక మీద
దువ్వెన పండ్లు దిగినట్టు సన్న సన్న గీతలు.

"మురికి కాదమ్మా అది, దాని వయసు.
నిన్న తెచ్చింటే నాలుగు వేలు పలుకుతుండె.
ఇప్పుడు మూడు వందలిస్త.
అది గూడ కండక్టరమ్మవని."

మూడు వందలంటే
ఆరు వందల మందికి ఆటాన బాకీ తీరుతది.
చెయ్యి పెన్సిలు వెతికింది, చెవి మీద లేదు.
నాకు బాకీ ఉన్నోడు ఒక్కడే,
వానల దిగిపోయినోడు,
ఇప్పుడు నడివయసోడై ఉంటడు.
తీర్చకుండ వాని సొమ్ము ఎట్ల అమ్మాలె?

పావలాలు వదిలేసి పెట్టె మూసిన.
ఇరానీ చాయ్ తాగించిండు సాబ్,
పైసలిస్తే చిల్లర లేదన్నడు.

మర్లి వచ్చే బండిల కొత్త కండక్టరు పిల్ల,
చేతిల మిషను,
గిర్రుమని సున్న టిక్కెటు చింపి ఇచ్చింది.
అలవాటు పోదు గద,
వెనక్కి తిప్పి చూసిన.
ఎవ్వరు ఏం రాయలే.
వేళ్లకు ఇంకా చింతపండు వాసన.